కూర్చున్న మనిషి కొలత

తెడ్డు కొలవాలంటే మనిషి నిలబడకూడదు, కూర్చోవాలి. ఈ ఒక్క ముక్క జనం బుర్రకెక్కించడానికి రాజకుమారికి మూడేళ్ళు పట్టింది, అప్పటికీ సగం మందికి ఎక్కలేదు. హంసలదీవి దగ్గరి పల్లెపాలెంలో, మడచెట్ల మధ్య పాయలో కయాక్ నడపాలని సెలవు రోజుల్లో దిగేవాళ్ళు ఎంతటివాళ్ళయినా ముందు ఆమె దగ్గర కూర్చోవాల్సిందే. కుర్చీలో కూడా కాదు, బోర్లించిన చేపల ట్రే మీద. నీలం రంగుది, ఒక మూల విరిగింది, ఎంత కడిగినా వాసన వదలనిది. తెల్ల ప్యాంట్లు వేసుకొచ్చినవాళ్ళు దాని మీద రుమాలు పరుచుకునేవారు. రాజకుమారి ఆ రుమాలు తీయించేది. రుమాలు మందం కూడా కొలతలో కలిసిపోతుందని ఆమె వాదన. అది ఉత్త పెంకితనమని ఊరందరికీ తెలుసు.

ఒకసారి విజయవాడ నుంచి ఆరడుగుల ఆసామి ఒకాయన వచ్చాడు. ఫోన్లో చదువుకుని వచ్చాడట, గోడకు ఆనించిన వాటిల్లో అన్నిటికంటే పొడుగు తెడ్డే తన ఎత్తుకు సరిపోతుందని పట్టుబట్టాడు. రాజకుమారి ఆయన్నీ ఆయన భార్యనీ పక్కపక్కనే రెండు ట్రేల మీద కూర్చోబెట్టింది. నిలబడితే ఆవిడ ఆయన భుజం దాకా వస్తుంది. కూర్చుంటే ఇద్దరి ముక్కులూ ఒక్క ఎత్తులో ఉన్నాయి. "మీ ఎత్తంతా కాళ్ళల్లో ఉందండీ. కాళ్ళు తెడ్డెయ్యవు కదా" అంది రాజకుమారి. ఆవిడ పాయలోకి వెళ్ళి తిరిగొచ్చేదాకా నవ్వుతూనే ఉంది. తిరిగొచ్చాక ఆయన, భుజాలేమీ నొప్పి లేవని నెమ్మదిగా ఒప్పుకున్నాడు.

ఆమె పద్ధతి చూడ్డానికి చాలా తేలిక. వెన్ను నిటారుగా పెట్టి కూర్చోమంటుంది. నైలాన్ తాడు ఒక కొసను మనిషి పక్కన ట్రేకి ఆనించి, రెండో చేత్తో ముక్కు కొస దాకా లాగుతుంది. తర్వాత పడవ వెడల్పు చూస్తుంది. ఈ రెండూ కలిస్తేనే తెడ్డు పొడుగు తేలుతుంది. తెడ్డు పొట్టిదైతే వేళ్ళు పడవ అంచుకు కొట్టుకుంటాయి, నీళ్ళందుకోడానికి వంగి వంగి నడుము పోతుంది. పొడుగుదైతే భుజాలు పట్టేస్తాయి, పడవ తిన్నగా పోకుండా ముక్కు అటూ ఇటూ తిప్పుతుంది. వచ్చిపోయేవాళ్ళకి ఆమె తాడు మీద బొటనవేలితో నొక్కి పట్టుకుని కొలత చూసేది. ఊళ్ళోవాళ్ళకైతే అక్కడ ముడి వేసేది.

ఆ ముడి సంగతి చెప్పాలి. రాజకుమారి తండ్రి రత్తయ్య పాలెంలో తెడ్లు చెక్కేవాడు. నీళ్ళ మీదికి వెళ్ళే ప్రతి మనిషి పేరునా ఆయన ఇంట్లో ఒక తాడు వేలాడేది. ఎదిగే వయసులో ఆ ముడి జరుగుతూ ఉంటుంది. ఇరవయ్యేళ్ళు దాటాక నీళ్ళు పోసి బిగించేస్తారు, ఇక కదలదు. తెడ్డు విరిగితే ఆ మనిషి మళ్ళీ రానక్కర్లేదు, తాడు చూసి కొత్తది చెక్కి పంపేవాడు. తెడ్డు వల్ల భుజం నొప్పి పుట్టిందని ఎవరైనా అంటే, నోరెత్తకుండా ఇంకొకటి ఉచితంగా చెక్కివ్వాలి. కొలిచినవాడి మాటకు అంత పూచీ. మనిషి పోతే, పెద్దకర్మ రోజున రత్తయ్య ఆ ఇంటికి వెళ్ళి అందరి ఎదుటా ముడి విప్పి, తాడు ఇంటివాళ్ళ చేతికిచ్చేవాడు. బతికున్న మనిషి ముడి విప్పడమనేది ఆ ఊళ్ళో ఎవరూ ఎరగరు.

రత్తయ్య పోయేముందు ఆ తాళ్ళ కట్ట కూతురికిచ్చాడు. కొడుకు భరత్ అప్పటికి గుడివాడలో డిగ్రీ చదువుతున్నాడు, వాడికి ఉలి పట్టుకోవడం కూడా రాదు. తల్లి ముందే పోవడంతో వాడికి రాజకుమారే అన్నీ అయింది. వాడి కంటే పన్నెండేళ్ళు పెద్దది. వాడి మొదటి తెడ్డు చెక్కింది ఆమే, వాడి తాడుకి ముడి వేసిందీ ఆమే. ఆ తాడు ఆకుపచ్చది. కట్టలో మిగతావన్నీ తెలుపో నీలమో అయితే, తమ్ముడిదని బందరు నుంచి పనిగట్టుకుని ఆకుపచ్చ తాడు తెప్పించింది.

ఆమె భర్త కొండలరావు బందరులో మరబోటు మీద పని చేస్తాడు, నెలలో పది రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. రాజకుమారిది పీతల పని. పాయలో నీళ్ళు తీసే వేళకి, ఎర కట్టిన గుండ్రటి చిన్న వలలు కర్రలకు కట్టి రెండు ఒడ్ల వెంటా దించుతారు. ఆ పని చేసే ఆడవాళ్ళు పాలెంలో ఎనిమిది మంది. మొగవాళ్ళకి సముద్రం ఉంది. వీళ్ళకి ఆ పాయ తప్ప ఇంకొకటి లేదు. అన్నపూర్ణ అనే పెద్దావిడ నలభై ఏళ్ళుగా అందులోనే ఉంది, ఏ మలుపులో ఏ కర్ర ఎవరిదో కళ్ళు మూసుకుని చెప్పగలదు.

అలాంటి పాయలోకి భరత్ ఆరు కయాకులు పట్టుకొచ్చాడు. డిగ్రీ అయ్యాక ఎక్కడో సముద్రపు రిసార్టులో రెండేళ్ళు పని చేసి, ఆ పని నేర్చుకుని వచ్చాడు. పాయలో విహారం పెడతానన్నాడు. ఎనిమిది మందిలో ఏడుగురు ససేమిరా అన్నారు. ఆ తెడ్లు వలలకి తగులుతాయి, ఎర పోతుంది, కర్రలు ఊడతాయి అన్నారు. భరత్ మూడు రోజులు అక్క వెనకాలే తిరిగాడు, అన్నం తినకుండా మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు. ఆమెకి వాడి ఆకలి చూస్తే ఎప్పుడూ మనసు నిలవదు.

చివరికి ఆమె ఒక పని చేసింది. రకరకాల పొడుగుల్లో వెదురు బొంగులు నరికి, రెండు కొసలా రేకు ముక్కలు కట్టి, భరత్ కయాక్‌లో తనే కూర్చుని పాయలో అన్నిటికంటే ఇరుకైన మలుపులో ఆటు వేళ నాలుగు రోజులు తిరిగింది. ఏడడుగుల తెడ్డు అయితే నిలువుగా, పడవ పక్కనే నీళ్ళలోకి దిగుతుంది. ఒక్క వలకి కూడా తగల్లేదు. ఎనిమిదడుగులది అయితే రెండు పక్కలా పరుచుకుంటుంది, కర్రల్ని ఊడ్చుకుంటూ పోతుంది. ఐదో రోజు ఆమె ఆడవాళ్ళందర్నీ కూర్చోబెట్టి ఈ సంగతి చెప్పింది. తను కొలిచి ఇచ్చిన తెడ్డు లేకుండా ఒక్క పడవ కూడా పాయలోకి రాదని మాటిచ్చింది. ఊరి పెద్ద అప్పయ్య దగ్గర కాయితం రాశారు. రాజకుమారి కొలత ప్రకారం ఇచ్చిన తెడ్లతోనే పడవలు పాయలోకి వెళ్ళాలి అన్నది అందులో ఉన్న ఒకే ఒక్క షరతు. అన్నపూర్ణ అందరి కంటే చివర సంతకం పెట్టింది. "నిన్ను చూసి పెడుతున్నానే, వాణ్ణి చూసి కాదు" అంది.

వేరే ఊరివాళ్ళెవరైనా అయితే ఆ కాయితంలో వేళలు రాసేవారు, పడవలెన్నో రాసేవారు, పడవ ఎంత వెడల్పుండాలో కూడా రాసేవారు. తెడ్లు చెక్కేవాడి కూతురికి అవేవీ తోచలేదు. పాలెంలో చిన్న పడవలన్నీ ఒకే వడ్రంగి చేతివి, ఒకే వెడల్పువి. పడవ ఎప్పుడూ ఒకటే, మారేది మనిషే. అందుకని తెడ్డుని కట్టేస్తే చాలు, అంతా కట్టేసినట్టే అనుకుంది. పడవ వెడల్పు చూడాలని రోజుకి వందసార్లు చెప్పే మనిషే, తన కాయితంలో ఆ ముక్క రాయించడం మర్చిపోయింది.

మూడేళ్ళు ఏ గొడవా లేకుండా గడిచాయి. భరత్ ఆరు పడవలూ సన్నటివి, తెడ్లన్నీ ఏడడుగులకి రెండంగుళాలు అటూ ఇటూ. వచ్చినవాళ్ళకి "మా అక్క కొలత చూడందే నేను కూడా పడవెక్కనండీ" అని చెప్పేవాడు. ఆమె బొమ్మ వేయించి, ట్రే పక్కన బోర్డు కూడా పెట్టాడు. బోర్డు మీద తన ముక్కు సరిగ్గా రాలేదని ఆమె సణిగింది గానీ, దాని ముందు నుంచి నడిచినప్పుడల్లా ఒకసారి చూసుకునేది. తమ్ముడు తనని నెత్తిన పెట్టుకున్నాడని పాలెమంతా చెప్పుకుంది. రాజకుమారికి అంతకంటే కావాల్సింది లేదు.

మూడో ఏడు వేసవిలో ఒక మధ్యాహ్నం భరత్ ఫోన్ పట్టుకుని వచ్చాడు. ఆమె కొలతల గురించి వీడియో తీస్తాననీ, నలుగురికీ తెలియాలనీ అన్నాడు. ఆమె లోపలికెళ్ళి కొత్త చీర కట్టుకుని వచ్చింది. ట్రే మీద కూర్చుని చెప్పడం మొదలుపెడితే ఆగలేదు. వాడు మధ్యలో అడిగాడు, ఇద్దరు కూర్చునే వెడల్పు పడవైతే ఎలాగక్కా అని. ఆమెకి ఆ ప్రశ్న ఎంతో నచ్చింది. ఇన్నాళ్ళకి వీడు పనిలో తెలివైన మాట అడిగాడనుకుంది. పడవ వెడల్పు మూడడుగులకి దగ్గరైతే ఏడడుగుల తెడ్డు ఇచ్చి చంపకూడదనీ, ఎనిమిదడుగులకి తగ్గకూడదనీ, ముఖ్యంగా పాయ సముద్రంలో కలిసే చోట ఈడ్పు ఉంటుంది కాబట్టి పొట్టి తెడ్డుతో వెడల్పు పడవని తిప్పలేక జనం కొట్టుకుపోతారనీ వేలు చూపించి మరీ చెప్పింది. భరత్ ఫోన్ కిందకి దించి, "బాగా చెప్పావక్కా" అన్నాడు. ఆ రాత్రి వాడికి ఇష్టమని పీతల పులుసు వండింది.

ఆ వర్షాలు వెళ్ళాక గుడివాడ నుంచి భరత్ స్నేహితుడొకడు భాగస్తుడిగా చేరాడు. ఒక లారీ వచ్చి పన్నెండు పడవలు దించింది. ఇద్దరేసి కూర్చునేవి, వెడల్పువి, పసుపు రంగువి. వాటితోపాటు కట్టలు కట్టిన తెడ్లు, అన్నీ ఎనిమిదడుగులవి. ఆ రోజు రాజకుమారి ఊళ్ళో లేదు. మోపిదేవిలో పెళ్ళి ఉంది, నువ్వెళ్ళు అక్కా, నేను చూసుకుంటాను అని బస్సెక్కించింది భరతే.

మర్నాడు పొద్దున ఆమె వచ్చి పాయలోకి దిగితే, మొదటి మలుపులో ఒక్క కర్ర నిలబడి లేదు. వలలు చుట్టలు చుట్టుకుని మడచెట్ల వేళ్ళకి తగులుకుని ఉన్నాయి. ఎర మీద చిన్న చేపలు మూగాయి. మిగతా ఏడుగురు నడుము లోతు నీళ్ళలో నిలబడి చిక్కులు తీస్తున్నారు. ఎవరూ ఆమెని తిట్టలేదు. తిట్టి ఉంటే ఆమె తిరిగి నాలుగు తిట్టి తేలికపడేది. అన్నపూర్ణ చేతిలోని వల ముక్క ఆమె వైపు చాపి, "నీ మాట మీదేగా సంతకం పెట్టాం" అని మాత్రం అంది. రాజకుమారి ఆ వల ముక్క అందుకుంది. తనని ఎవరో మోసం చేశారన్న సంగతి ఇంకా బుర్రకెక్కకముందే, తనే మోసం చేసిన మనిషిలాగా ఆ నీళ్ళలో నిలబడాల్సి వచ్చింది.

తిన్నగా భరత్ పడవల షెడ్డుకి వెళ్ళింది. వాడు కంగారు పడలేదు. ముందే అన్నీ ఆలోచించి పెట్టుకున్నవాడిలా నెమ్మదిగా మాట్లాడాడు. సన్న పడవల్లో జనం భయపడుతున్నారనీ, జంటలు రావడం లేదనీ, కాయితం ప్రకారమే చేశాననీ అన్నాడు. "పడవ వెడల్పైతే తెడ్డు పొడుగవ్వాలని నువ్వే చెప్పావు కదక్కా" అన్నాడు. ఆ వేసవి మధ్యాహ్నం, కొత్త చీర, పీతల పులుసు అన్నీ ఆమెకి ఒక్కసారిగా గుర్తొచ్చాయి. తెలివైన ప్రశ్న అడిగాడని మురిసిపోయింది తను. వాడు నేర్చుకోడానికి అడగలేదు.

ఆదివారం పొద్దున, వలలు బాగుచేసుకునే రేకుల షెడ్డులో పెద్దలు కూర్చున్నారు. అప్పయ్య మధ్యలో బల్ల దగ్గర, ఒక పక్క భరత్, వాడి స్నేహితుడు, ఇంకో పక్క ఎనిమిది మంది ఆడవాళ్ళు. రాజకుమారి తన ట్రే తెచ్చుకుని దాని మీదే కూర్చుంది. ఒళ్ళో తాళ్ళ సంచి ఉంది. ఏ పడవలకి ఏ తెడ్లని ఒప్పుకున్నామో కొలిచి చూపిద్దామని తెచ్చింది.

కాయితం చదివారు. భరత్ లేచి, షరతు తను అక్షరం కూడా తప్పలేదని చెప్పి, ఫోన్ తీసి వీడియో పెట్టాడు. కొత్త చీరలో రాజకుమారి నవ్వుతూ, వేలు చూపిస్తూ, ఎనిమిదడుగులకి తగ్గకూడదని అందులో చెబుతోంది. షెడ్డులో ఆ గొంతు ఖంగున మోగింది. తన గొంతు వింటుంటే ఆమెకి ఒళ్ళంతా చీమలు పాకినట్టయింది.

అప్పయ్య మంచివాడు. ఆడవాళ్ళ పాయ పోకూడదని ఆయనకీ ఉంది. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, ఆమెకి దారి చూపించాడు. "రాజకుమారీ, అందులో నువ్వు చెప్పిన కొలత తప్పా, ఒప్పా? పొరపాటున అన్నావనుకో, అదే చెప్పమ్మా. అది నీ కొలత కాదని రాసేసి ఆ తెడ్లు ఆపించేస్తాను. ఈ పూటతో అయిపోద్ది" అన్నాడు.

ఎనిమిదో మనిషి తను కాబట్టి, ఏడు జతల కళ్ళు ఆమె మీద ఉన్నాయి. ఒక్క మాట చాలు. తప్పు చెప్పానండీ అంటే పాయ దక్కుతుంది, అన్నపూర్ణ మళ్ళీ ఆమె మొహం చూస్తుంది. ఆమె భరత్ వైపు చూసింది. వాడు నేల చూపులు చూస్తున్నాడు గానీ, భయపడుతున్న మనిషిలా లేడు. అప్పుడర్థమైంది ఆమెకి. వీడు నమ్ముకున్నది వీడియోని కాదు, కాయితాన్ని కాదు. కొలత విషయంలో అక్క అబద్ధమాడదని వీడికి తెలుసు. ఆమె దగ్గర పెరిగిన మనిషి కాబట్టి తెలుసు. బయటివాడెవడూ అంత ధీమాగా ఈ పందెం కాయలేడు. రాజకుమారికి ఏడుపు రాలేదు. వీణ్ణి ఇన్నేళ్ళు అన్నం పెట్టి పెంచినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆమె తప్పని చెబితే రేపు వెడల్పు పడవలు ఏడడుగుల తెడ్లతో పాయ చివరికి వెళతాయి. ఈడ్పులో పడ్డ మొగుడూ పెళ్ళాం ఆ పడవని తిప్పుకోలేరు. వాళ్ళెవరో ఆమెకి తెలియదు. కానీ తండ్రి తాళ్ళ కట్ట ఒళ్ళో పెట్టుకుని ఆ మాట అనడం ఆమెకి చేతకాలేదు.

"ఒప్పే బాబాయ్" అంది. "ఆ పడవకి అదే కొలత."

అన్నపూర్ణ లేచింది. చీర కుచ్చిళ్ళు దులుపుకుని బయటికి నడిచింది. మిగతా ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు లేచారు. గుమ్మం దాకా వెళ్ళి, రాజకుమారి సంచిలో చెయ్యి పెట్టడం చూసి ఆగారు.

ఆమె తాళ్ళన్నీ తీసి ఒళ్ళో పరిచి, వాటిలోంచి ఆకుపచ్చది లాగింది. ముడి రాయిలా బిగిసి ఉంది. గోళ్ళతో పట్టుకుంటే రాలేదు. ఒక గోరు విరిగింది. ముడిని పళ్ళ మధ్య పెట్టి కొరికి, కొంచెం వదులు చేసి, మళ్ళీ వేళ్ళతో లాగింది. అదేంటో తెలిసినవాళ్ళు కాబట్టి షెడ్డులో మొగవాళ్ళు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. గుడివాడ స్నేహితుడు ఏం జరుగుతోందని భరత్‌ని అడిగాడు. భరత్ మొహంలో నెత్తురు చుక్క లేదు. "అక్కా, వద్దు" అన్నాడు. ఆ రోజు వాడు ముందుగా అనుకుని రాని మాట అదొక్కటే.

"రాజకుమారీ" అన్నాడు అప్పయ్య. "వాడు బతికే ఉన్నాడమ్మా."

"తెలుసు బాబాయ్. అందుకే వాడు చూస్తుండగా విప్పుతున్నాను."

ముడి వచ్చేసింది. ఇన్నేళ్ళు బిగిసిన చోట తాడు వంకర తిరిగి ఉంది. ఆమె దాన్ని రెండు మూడుసార్లు వేళ్ళ మధ్య సాగదీసి, చుట్ట చుట్టి బల్ల మీద భరత్ ముందు పెట్టింది. తర్వాత ట్రే చంకన పెట్టుకుని, చిక్కులు తీయాల్సిన వలలు ఇంకా మిగిలున్నాయని ఆడవాళ్ళ వెనకే పాయ వైపు వెళ్ళిపోయింది.